బంతికి ఎడంగా కూచున్న మనిషి

ఆమె పోయిందన్న సంగతి నాకు పాచిపెంట సంతలో, బేరం మధ్యలో తెలిసింది. విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు అమ్ముతున్న ఒకామెతో గీచి గీచి బేరమాడుతున్నాను. ఆమె నా మొహంకేసి కాసేపు చూసి, "నువ్వు సాలూరు లాయరు పాపవు గదా? మా పెద్దమ్మ కేసు సూసినావు. పెద్దమ్మ పోనాది, కందులు కోసినప్పుడే" అంది.

కందులు కోసినప్పుడు పోతే, మామిడికాయలు దిగే వేళకి నాకు తెలుస్తోంది. ముందు కోపం వచ్చింది. నాకు ఏదొచ్చినా ముందు కోపమే వస్తుంది, మిగతావి దాని వెనకాల వస్తాయి. ఒక్క ఫోను చెయ్యలేకపోయారా అని ఆ అడ్డాకులామె మీద ఎగిరాను. "మా కొండ మీద సిగ్నలు ఎక్కడిది పాపా" అని ఆమె నవ్వి, అడిగిన ధరకే కట్ట నా చేతిలో పెట్టింది. ఆ కట్ట పట్టుకుని బస్సు ఆగే చోటుదాకా నడిచి, సిమెంటు బెంచీ మీద కూచుని ఏడ్చాను. పక్కన కూచున్న పెద్దాయన ఎందుకమ్మా అంటే, "మా క్లయింటు పోయిందండీ" అన్నాను. ఆయన సంచీ సర్దుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆమె పేరు ఇక్కడ రాయను. తన పేరు రాతలో కనిపించడం ఆమెకి ఇష్టముండేది కాదు. విజయనగరం కోర్టులో గోడకి అంటించిన కేసుల పట్టికలో ఆమె పేరు నేనే సంబరంగా వేలు పెట్టి చూపించాను. "గోడ మీద నా పేరెందుకేటి? నాను సచ్చిపోనానా?" అంది. ఆమెకి తెలిసినంతవరకు గోడల మీద పేర్లు వేసేది పోయినవాళ్ళకే.

మనిషి పొట్టి. ఎంత పొట్టి అంటే, నా ఆఫీసు కుర్చీలో కూచుంటే కాళ్ళు నేలకి ఆనవు. అందుకని మొదటి రోజే కుర్చీని పక్కకి తోసేసి, బీరువాకి వీపు ఆనించి, కాళ్ళు బార్లా చాపుకుని కూచుంది. "కాళ్ళు ఏలాడితే నాకు మాట రాదు పాపా" అని కారణం చెప్పింది. ఆ తరవాత ఎన్నిసార్లు వచ్చినా అదే చోటు. నా ఆఫీసు ఎరువుల కొట్టు పైన ఒక్క గది. ఆమె వస్తే ఇంకో క్లయింటు లోపలికి రావాలంటే ఆమె కాళ్ళు దాటుకుని రావాలి. ముడుచుకోమంటే ముడుచుకునేది కాదు.

అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని పీల్చే మా ఉత్తరాంధ్ర ముసలమ్మల అలవాటే. కానీ ఆమె దాన్ని వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకోగా నేను చూడలేదు. నచ్చిన ప్రశ్న అడిగితే చుట్ట చేతిలో ఉండేది. నచ్చని ప్రశ్న అడిగితే నోట్లోకి వెళ్ళేది. కోర్టు వరండాలో కానిస్టేబులు "ఇక్కడ పొగ తాగకూడదమ్మా" అని వస్తే, చుట్ట పీకని మొత్తం లోపలికి లాక్కుని పెదాలు మూసేసి, ఏం పొగ, ఎక్కడ పొగ అన్నట్టు కనుబొమ్మలెత్తి చూసేది. అతను వెతుక్కుని వెతుక్కుని వెళ్ళిపోయేవాడు.

అలాగని మరీ అమాయకురాలని అనుకోకండి. వయసు అడిగితే ఒక్కో ఆఫీసులో ఒక్కో మాట చెప్పేది. నా దగ్గర టీ తాగి, కింద ఎరువుల కొట్టతని దగ్గర "లాయరమ్మ టీ కూడా ఇయ్యనేదు" అని మళ్ళీ తాగేది. నా పెళ్ళి గురించి నాకంటే ఎక్కువ దిగులు పడేది. "కోపం తగ్గించుకో పాపా. మొగుడు దొరుకుతాడు."

"దొరికితే మళ్ళీ కోపం వస్తుంది గదా" అంటే, అదీ నిజమే అన్నట్టు తలూపేది.

ఆమె కేసు ఆమె పెట్టింది కాదు, ఆస్పత్రి పెట్టింది. ఆమె ఊరు పాచిపెంట పైన, అరకు వెళ్ళే ఘాటు రోడ్డు వదిలేసి లోపలికి నడిచి ఎక్కాల్సిన చోట. ఒక సంత రోజున చింతపండు గంప తెచ్చి, పల్లం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక షావుకారు అరుగు దగ్గర దింపింది. ఆయన కాటాలో తూకంరాళ్ళ పళ్ళెం మీద మోచెయ్యి ఆనించి తూస్తున్నాడు. ఈమె ఆ మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసింది. "సెయ్యి తియ్యి బాబూ, నీ సేతి బరువుకి నాను సింతపండు ఇయ్యను" అందట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఆయనకి ఎక్కడ తగిలిందో, కులం పేరుతో తిట్టి, చెంప మీద కొట్టి, అరుగు మీంచి తోశాడు. రాతి మెట్టు మీద పడి కుడి ముంజేయి రెండు ఎముకలూ విరిగాయి.

సాలూరు ఆస్పత్రికి తెచ్చేసరికి ఆలస్యమైంది. చెయ్యి అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. మోచెయ్యి పైకి లేచేది కాదు. దెబ్బ కేసు కాబట్టి ఆస్పత్రివాళ్ళు పోలీసులకి కబురు పెట్టారు, పోలీసులు కేసు రాశారు, ఉచిత న్యాయసహాయం వాళ్ళు ఆమెని నా మీదికి తోలారు.

నేను గొంతు సవరించుకుని అంతా విడమరిచి చెప్పాను. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్రగాయం అంటుంది, ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. గిరిజనురాలిని నలుగురిలో కులం పేరుతో తిట్టాడు కాబట్టి అట్రాసిటీ చట్టం కూడా వర్తిస్తుంది, అది రుజువైతే ఆరు నెలలకి తగ్గకుండా శిక్ష. అదంతా విజయనగరంలో స్పెషల్ కోర్టు చూస్తుంది, వాదించేది సర్కారు వకీలు, నేను నీ తరఫున పక్కన ఉంటాను. అది కాక, పోయిన చేతికి నష్టపరిహారం అడుగుతూ విడిగా సివిల్ దావా వేద్దాం. ఏజెన్సీలో అలాంటి దావా మామూలు కోర్టులో కాదు, రెవెన్యూ అధికారి ముందు వెయ్యాలి. ఆలస్యం చెయ్యకుండా అదీ వేస్తాను.

అంతా శ్రద్ధగా విని, చుట్ట చేతిలోనే ఉంచుకుని అడిగింది. "ఇయ్యన్నీ అయినాక మా ఊరొచ్చి తింటాడా?"

ఏమిటి తినేది అన్నాను. అప్పుడు చెప్పింది. నాకు పూర్తిగా అర్థం కావడానికి రెండు మూడు సార్లు ఆ ఊరు ఎక్కి దిగాల్సొచ్చింది.

వాళ్ళ ఊళ్ళో ఒకరు ఇంకొకరిని కొడితే పెద్దలు కూచుని తప్పు వేస్తారు. కొట్టినవాడు మేకపోతునో కోళ్ళనో తెచ్చి, తనే వండి, దెబ్బ తిన్న మనిషికి మొదట తన చేత్తో వడ్డించి, పక్కన కూచుని తినాలి. ఊరంతా ఒకే బంతిలో కూచుని వాళ్ళతోపాటు తింటుంది. దాన్ని తప్పు తినడం అంటారు. తిన్నాక ఇంక ఆ గొడవ ఎవరూ నోట్లోకి తేకూడదు. దెబ్బ తిన్న మనిషి అసలే తేకూడదు. తినేదాకా మాత్రం కొట్టిన మనిషి, దెబ్బ తిన్న మనిషి, ఇద్దరూ కొత్తల బంతిలో కూచోకూడదు. కొత్తలంటే ఏడాదిలో మొదట దిగిన మామిడికాయలో, చిక్కుళ్ళో, సామలో ఊరి దేవతకి పెట్టి అందరూ కలిసి తినే పండగ.

ఇద్దరూ ఆ ఊరివాళ్ళే అయితే ఇది మంచి ఏర్పాటే. బంతి బయట కూచోలేక ఒక్క పంట తిరిగేలోగా కొట్టినవాడే మేకని తోలుకొస్తాడు. కానీ ఈ షావుకారుకి ఆ ఊరి బంతితో పనేమిటి? ఆయన కొండవాళ్ళ ఇళ్ళలో మంచినీళ్ళు కూడా ముట్టడు. హాయిగా అరుగు మీద కూచుని వ్యాపారం చేసుకుంటున్నాడు. చెయ్యి విరిగింది ఈమెకి, వెలి పడిందీ ఈమెకే.

ఊరి పెద్ద ఆమె మరిదే. ఇదేం న్యాయమండీ అని ఆయన మీద కేకలేశాను. ఆయన నెమ్మదస్తుడు. "నిజమే పాపా. ఈ రూలు ఏసినోళ్ళకి షావుకారు ఉంటాడని తెలీదు" అన్నాడు.

కేసు కోర్టుకి రాకముందే షావుకారుకి ఎవరో ఈ ఆచారం సంగతి చెప్పారు. ఒకరోజు ఘాటు రోడ్డు దాకా ఆటోలో, అక్కణ్ణుంచి నడకన నల్లటి మేకపోతు ఒకటి వచ్చింది, ఆయన పంపాడని. ఊళ్ళో మహా ఉత్సాహం. కత్తి నూరారు. ఆమె మేకని లోపలికి తీసుకెళ్ళి పెరట్లో గుంజకి కట్టేసి, వాకిట్లో నిలబడి, "మేకొచ్చినాది. మనిషి రానేదు. నన్ను మేక కొట్నాదేటి?" అని అడిగింది. కత్తి మళ్ళీ చూరులోకి వెళ్ళింది. కత్తి నూరినవాళ్ళు మాత్రం చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

విజయనగరంలో ఆమె సాక్ష్యం రోజున నేను కోర్టు గేటు దగ్గర ఎదురుచూస్తున్నాను. ఆర్టీసీ బస్సు దిగి వస్తోంది, ఎడం చేత్తో మేకపోతుని పట్టుకుని. నాకు తల కొట్టేసినట్టయింది. ఇదేమిటి అంటే, "ఆడిది ఆడికి ఇచ్చేద్దారని. కోర్టు పెద్దమనిషి ముందర ఇచ్చేస్తే మాట ఉండదు" అంది. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాడని గొణిగింది. కిటికీ పక్క సీటు తనకి దొరకలేదని అంతకంటే ఎక్కువ గొణిగింది. చేసేది లేక దాన్ని నా స్కూటీకి కట్టేసి లోపలికి వెళ్ళాం.

షావుకారు వాదన మొదట్నించీ ఒక్కటే. నేను కొట్టలేదు, తొయ్యలేదు, ముసల్ది మెట్టు మీద జారి పడింది. ఆయన వకీలు పెద్దాయన, అనుభవజ్ఞుడు. దానికి ఇంకో మెలిక పెట్టుకుని వచ్చాడు.

"మీ ఊళ్ళో గొడవలు పెద్దల దగ్గర తీర్చుకుంటారు కదమ్మా?"

"తీర్సుకుంటాం."

"మేకని కోసుకు తింటే తగువు అయిపోయినట్టే కదా?"

"అయిపోయినట్టే."

"మా క్లయింటు మానవత్వంతో మీకు మేకపోతుని పంపాడు. మీరు పుచ్చుకున్నారు. అవునా, కాదా?"

"అవును బాబూ."

ఆయన జడ్జిగారి వైపు తిరిగి, తగువు వాళ్ళ ఆచారం ప్రకారం ఎప్పుడో సమసిపోయిందనీ, ఊరంతా విందు చేసుకుని ఇప్పుడు డబ్బు కోసం కోర్టుకెక్కారనీ అంటున్నాడు. ఆమె సాక్షి బోనులోంచి మెడ చాచి, "విందేటి బాబూ, మేక బయటున్నాది" అంది.

జడ్జిగారు, "బయటంటే?" అన్నారు.

"ఈ పాప బండికి కట్టినాం. సూసుకోండి. దానికి దాహంగా ఉన్నాది కూడా."

జడ్జిగారు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూశారు. కోర్టులో ఉన్నవాళ్ళందరూ చూశారు. మేకపోతు అప్పటికే షావుకారు వకీలుగారి జూనియర్ టిఫిను పొట్లం విప్పి సగం తినేసింది. నేను ఇన్నేళ్ళ ప్రాక్టీసులో కోర్టు హాలు అంతలా నవ్వగా చూడలేదు. షావుకారు ఒక్కడే తల వంచుకుని నిలబడ్డాడు. మేకని మాత్రం వాపసు తీసుకోలేదు. జడ్జిగారు అలాంటి ఉత్తర్వు ఇవ్వడానికి వీల్లేదన్నారు. సాయంత్రం బస్సులో అది మళ్ళీ కొండెక్కింది.

కొన్ని నెలలకి తీర్పు వచ్చింది. నేరం రుజువైంది. ఆరు నెలలు జైలు, జుర్మానా, అందులోంచి ఆమెకి కొంత. నాకు భూమ్మీద కాళ్ళు ఆనలేదు. ఆమె మాత్రం ఒక్క ప్రశ్నయినా అడక్కుండా, బస్సు వెళ్ళిపోతుందని బేగి బేగి నడిచి వెళ్ళిపోయింది. సంతోషం ఎక్కువైతే మాట రాదులే అనుకున్నాను.

రెండు రోజుల తరవాత తీర్పు కాపీ, మిఠాయి పెట్టె పట్టుకుని ఆ ఊరు ఎక్కాను. ఆమె వాకిలంతా పేడతో అలికి ఉంది. ముగ్గురు నలుగురు కలిసి ఎత్తాల్సిన పెద్ద దేగిశా కడిగి బోర్లించి ఉంది. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి సిద్ధం చేసి, పక్కన కట్టెలు పేర్చి ఉంచింది. అడ్డాకు విస్తళ్ళు కుట్టి దొంతర పెట్టింది, అప్పటికే అంచులు ఎండి ముడుచుకుపోతున్నాయి. జడ్జిగారు తప్పు వేశారు, రేపో మాపో వస్తాడు, వండుతాడు అని ఊరందరికీ చెప్పిందట. ఊరంతా ఒక పూట పనులు మానుకుని కూచున్నారట. వాళ్ళ లెక్కలో పెద్దమనిషి తీర్పు చెప్పాక కొట్టినవాడు రాకపోవడమన్నది ఉండదు.

"ఇంకా రానేదు పాపా. తోవ తెలీదేమో. నువ్వు సెప్పినావా?" అంది.

షావుకారు బెయిలు తీసుకుని హైకోర్టుకి అప్పీలు వేశాడనీ, అది తేలడానికి ఏళ్ళు పట్టొచ్చనీ, తేలినా ఏ కోర్టూ ఎవర్నీ ఇంకొకరి ఇంటికెళ్ళి అన్నం తినమని శాసించదనీ నచ్చచెప్పాను. ఆమె విన్నంతసేపు విని, చుట్ట నోట్లో పెట్టుకుంది. ఆ పూటంతా మళ్ళీ తియ్యలేదు.

మేకపోతు ఆ వానల్లో రోగం తగిలి చచ్చిపోయింది. ఎవ్వర్నీ ముట్టనివ్వకుండా ఒంటి చేత్తో గొయ్యి తవ్వి పాతిపెట్టింది. అది షావుకారు సొత్తు, తిన్నామన్న మాట రాకూడదంది. ఊళ్ళో కుర్రకారు ఆ గోతి చుట్టూ చేరి నిట్టూర్చారని ఆమే చెప్పి నవ్వింది.

తరువాతి ఏడు మామిడి కొత్తలకి నేను ఆ ఊళ్ళో ఉన్నాను. సివిల్ దావా కాగితాల మీద వేలిముద్ర కోసం వెళ్ళాను. దేవత రాయి ముందు మామిడి ముక్కలు, కొత్త అన్నం పెట్టి, ఊరంతా బంతిలో కూచుంది. ఆమె ఆ బంతికి ఎడంగా, పడిపోయిన దుంగ మీద, మొహం అటు తిప్పుకుని కూచుంది. అందరూ తిన్నాక ఎవరో ఆమెకీ ఒక విస్తరి తెచ్చి ఇచ్చారు. అదే మామిడి, అదే అన్నం. నేను లేచి వెళ్ళి ఆమె పక్కన కూచున్నాను. "నువ్వెందుకిక్కడ? సుట్టానివి, ఎళ్ళి బంతిలో కూకో" అని కసిరింది. కూచున్న చోటినుంచి నేను కదల్లేదు.

విస్తరి ఒళ్ళోకి లాక్కుని, "గాలి బాగుంటాది ఇక్కడ" అంది. తరవాత తలెత్తకుండానే చెప్పింది. "నాను ఈ బంతిలోనే పెరిగినాను పాపా. మా అమ్మ ఒళ్ళో కూకుని తిన్నాను. ఇలాగే సచ్చిపోతే, పోయినోళ్ళకి పెట్టే బంతిలో నాకు ఆకెయ్యరు. జైలుకెళ్తే ఎళ్ళనీ, ఎళ్ళకపోతే మాననీ. ఆడొక్కసారి నా పక్కన తినాల."

అప్పీలులోనూ శిక్ష నిలిచింది. షావుకారు జైలుకి వెళ్ళాడు. కొట్టు ఆయన భార్య నడిపింది. శిక్ష పూర్తి చేసుకుని తిరిగొచ్చి ఆయన మళ్ళీ అరుగు మీద కూచున్నాడని వినగానే, ఆమె కొండ దిగి నా ఆఫీసుకి వచ్చింది. బీరువాకి ఆనుకుని కాళ్ళు చాపుకుని, "ఆడు మా ఊరు రాడు. నానే కూడు అట్టుకుని సంతకి ఎల్తాను. మా మరిది ఒప్పుకున్నాడు. ఎక్కడ తింటే ఏటి, ఎవులు వండితే ఏటి, బంతి బంతే అన్నాడు" అంది.

నాకు నషాళానికి అంటింది. సివిల్ దావా ముగింపుకి వచ్చింది. డాక్టరు సాక్ష్యం అయింది, క్రిమినల్ తీర్పు మనవైపు ఉంది, గెలిచే దావా. "తిన్నాక ఆ మాట నోట్లోకి తేకూడదంటావు. మరి దావా ఎలా నడుస్తుంది? ఆయనతో కలిసి తింటే పరిహారం పోతుంది, తెలుస్తోందా?" అని అరిచాను.

"తెలుసు."

"జీవితాంతం ఆ చేత్తో గంప ఎత్తలేవు. ఆ డబ్బుంటే కూచుని తినొచ్చు."

"ఒక్కదాన్నే కూకుని తింటన్నాను గదా పాపా ఇన్నేళ్ళబట్టి" అంది. మూర్ఖురాలివి అన్నాను. అవునంది.

ఆ సంత రోజున నేనూ వెళ్ళాను, ఏదైనా గొడవైతే ఉండాలని. ఆమె సామ అన్నం, కందిపప్పు, కోడికూర వండి రెండు దేగిశాల్లో కావిడి కట్టించి తెచ్చింది. మరిది, ఊళ్ళోవాళ్ళు పదిమందీ వెంట వచ్చారు. అరుగు ముందు మట్టి మీద వరసగా విస్తళ్ళు వేశారు. ఆమె ఒక విస్తరి ముందు కూచుని, పక్క విస్తరి ఖాళీగా ఉంచి, అరుగు వైపు చూసి పిలిచింది.

"రా బాబూ. సల్లారిపోతాది."

కాటా వెనకాల షావుకారు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చుట్టూ జనం మూగారు. లోపల్నుంచి ఆయన భార్య, "లోపలికి రండి, మీకెందుకు" అని రెండుసార్లు పిలిచింది. ఆయన కాటా పళ్ళెం పట్టుకునే ఉన్నాడు. నేను ఇంక రాడనే అనుకున్నాను. మనసులో కొంచెం సంతోషపడ్డాను కూడా, దావా బతుకుతుందని. అప్పుడాయన చెప్పులు విప్పి, మెట్లు దిగి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూచున్నాడు.

"నువ్వే వడ్డించాల" అన్నాడు మరిది. షావుకారు చేత్తోనే అన్నం తీసి ఆమె విస్తట్లో పెట్టాడు. ఆమె తినసాగింది. ఆ చెయ్యి నోటిదాకా లేవదు కాబట్టి ఆమె ఎప్పుడూ మొహమే కిందికి వంచి, చేతి దగ్గరికి నోరు తీసుకెళ్ళి తింటుంది. నాకు అలవాటైపోయింది. ఆయన అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదటిసారి. చూస్తూ ఉండిపోయాడు. తరవాత తన విస్తట్లో వడ్డించుకుని తిన్నాడు.

గుంపులోంచి ఎవరో, "కొండోళ్ళ కూడు ఎలగున్నాది షావుకారూ?" అని వెటకారంగా అడిగారు.

"జైల్లో తిన్నాను గదా. అటూ ఇటూ కూకున్నోళ్ళందరూ కొండోళ్ళే, గంజాయి మూటలు మోసి దొరికిపోయినోళ్ళు. ముందు నాల్రోజులు నేను తిన్లేదు. ఐదో రోజు ఒకడు తన ముద్దలోంచి నాకు తీసి పెట్టినాడు" అన్నాడాయన, తలెత్తకుండా.

చేతులు కడుక్కున్నాక ఆమె లేచి, కొంగు దులుపుకుని, "సింతపండు ఏ రేటు తీసుకుంటన్నావు బాబూ?" అని అడిగింది, నిన్న కూడా వచ్చి అడిగిన మనిషిలాగ. ఆయన చెప్పాడు. తక్కువని ఆమె అంది.

ఆ వేసవి మామిడి కొత్తలకి ఆమె బంతికి సరిగ్గా నడుమ కూచుంది. వడ్డించేవాళ్ళని ముక్క చిన్నదని తిట్టింది. అటువైపు, ఇటువైపు ఆడవాళ్ళతో ఏవో పాత కబుర్లు చెప్పి నవ్వించింది. నేను ఉన్నానన్న సంగతే మరిచిపోయింది. నాకు కాస్త ఉడుకుమోతుతనం కలిగిన మాట నిజం. అంతకంటే సంతోషం కలిగిన మాటా నిజమే.

దావా సంగతి అంతకుముందే తేలిపోయింది. సంత భోజనం అయిన నెలలోపే, దావా వదులుకుంటున్నామని రెవెన్యూ అధికారి ముందు మెమో దాఖలు చేశాను. ఆయన కొత్తగా వచ్చిన కుర్రాడు, పద్ధతి గల మనిషి. షావుకారు బెదిరించి విరమింపజేశాడేమోనని ఆయన అనుమానం. అలా అనుమానించడం ఆయన ధర్మం కూడా. ఇద్దర్నీ పిలిపించాడు. షావుకారు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమెని కుర్చీలో కూచోమంటే కూచోలేదు.

"ఎవరైనా భయపెట్టారా అమ్మా?"

"నేదు బాబూ."

"మరి ఇన్నేళ్ళు నడిపిన దావా ఎందుకు వదిలేస్తున్నారు? ఆ చేతికి ఏమైంది, మీ నోటితో చెప్పండి."

చుట్టని గుమ్మం బయటే కానిస్టేబులు తీసేసుకున్నాడు. నోట్లో పెట్టుకోవడానికి ఏమీ లేదు. ఆమె నా వైపు చూసింది, నేలకేసి చూసింది.

"సంతలో జారి పడిపోనాను" అంది.

ఇన్నేళ్ళూ షావుకారు వకీలు చెప్పిన మాట అది. రెండు కోర్టుల్లో మేం అబద్ధమని రుజువు చేసిన మాట. కాదనడానికి నోరు తెరిచాను, ఆమె ఎందుకు అంటోందో నాకు తెలుసు కాబట్టి మళ్ళీ మూసుకున్నాను.

అధికారి కలం కింద పెట్టాడు. "జారి పడ్డారా?"

"అవును బాబూ. మెట్టు తడిగా ఉన్నాది."

తలుపు దగ్గర్నుంచి షావుకారు గొంతు వినిపించింది. "తడి లేదండీ. ఎండాకాలం. నేనే కొట్టినాను. నేనే తోసినాను."

ఆమె గిరుక్కున అటు తిరిగింది. అన్నేళ్ళలో ఆమెకి నిజంగా కోపం రావడం నేను చూసింది అప్పుడొక్కసారే.

"నోరు ముయ్యి బాబూ. తినేసినాం గదా. తినేసినాక ఆ మాట అనకూడదు."

"నువ్వు అనకూడదమ్మా" అన్నాడు ఆయన. "నన్ను ఒక్కసారి అననీ."